ఒకే అల, అయిదు సర్ఫింగ్ బోర్డులు: కోవళంలో పోల్చి చూసిన నా అనుభవం

రాత్రి రెండు గంటలకు తిరుపతిలో బయల్దేరితే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు దాటి చెన్నై ఔటర్ రింగ్ రోడ్డెక్కి, వండలూరులో దిగి, కేళంబాక్కం మీదుగా తెల్లారేలోపు కోవళం చేరొచ్చు. కేరళ కోవళం కాదు, చెన్నైకి దక్షిణాన ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఉన్న కోవళం. పోయేది సర్ఫింగ్‌కు. సుమారు 175 కిలోమీటర్లు. తెల్లారేలోపే ఎందుకంటే అక్కడ అల బాగోగులు గాలి చేతిలో ఉంటాయి. ఎండాకాలంలోనూ నైరుతి రుతుపవనాల నెలల్లోనూ పొద్దున పూట గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలి ఎదురు తగిలిన అల కాసేపు నిలబడుతుంది, ముఖం నున్నగా ఉంటుంది, ఆలస్యంగా విరుగుతుంది. పదకొండు, పన్నెండు అయ్యేసరికి సముద్రపు గాలి మొదలై అలను వెనకనుంచి నెట్టేస్తుంది. ఆ తర్వాత ఏ బోర్డు ఎక్కినా గతుకుల రోడ్డే.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు వైపు తీరం కూడా మనలో కలిసింది కదా, చెన్నై దాటి పోవడం దేనికి అని చాలామంది అడుగుతారు. శ్రీహరికోటలో ఎట్లాగూ దిగనివ్వరు. ఇక తిన్నగా సాగే ఇసుక తీరంలో అల ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకేసారి కూలిపోతుంది. సర్ఫింగ్‌లో దాన్ని క్లోజౌట్ అంటారు. పక్కకు జారే దారి ఉండదు కాబట్టి బోర్డుల తేడా తెలియదు. కోవళంలో రాతి కొన ఉంది. దక్షిణం నుంచి వచ్చే స్వెల్, అంటే దూరపు సముద్రంలో పుట్టి వచ్చే అలల వరస, ఆ కొన చుట్టూ వంగి, ముందు దక్షిణపు చివర విరిగి, ఆ విరుపు ఉత్తరానికి నడుస్తుంది. ఒడ్డుకేసి తిరిగిన మనిషికి అది కుడిచేతి అల. విరగడం మొదలయ్యే చోటు రోజూ దాదాపు ఒకటే. పోలికకు కావలసింది అదే.

మేం పోల్చిన బోర్డులు ఇవి:

సాఫ్ట్‌టాప్: పొడవు 8 అడుగులు, వెడల్పు 22½ అంగుళాలు, మందం 3¼ అంగుళాలు, సుమారు 76 లీటర్లు, మూడు ప్లాస్టిక్ ఫిన్లు (తోక దగ్గర అడుగున ఉండే రెక్కలు).
లాంగ్‌బోర్డ్: 9 అడుగుల 2 అంగుళాలు, 22¾, 3, సుమారు 71 లీటర్లు, నడిమధ్య 9½ అంగుళాల ఒకే ఫిన్.
మిడ్‌లెంగ్త్: 7 అడుగుల 2 అంగుళాలు, 21½, 2¾, సుమారు 48 లీటర్లు, మధ్యలో పెద్ద ఫిన్, చెరో పక్క చిన్నది.
ఫిష్: 5 అడుగుల 8 అంగుళాలు, 21, 2½, సుమారు 33 లీటర్లు, చీలిన తోక, రెండు వెడల్పాటి కీల్ ఫిన్లు.
షార్ట్‌బోర్డ్: 6 అడుగులు, 18¾, 2⅜, సుమారు 28 లీటర్లు, మూడు ఫిన్లు.

ఈ కొలతలు బోర్డు అడుగునో, మధ్యలో నిడుపునా ఉండే కర్ర పక్కనో రాసి ఉంటాయి. రాసి లేనిది రాకర్, అంటే ముక్కునుంచి తోకదాకా ఉండే వంపు. అది మనమే కొలుచుకోవాలి. బోర్డును బోర్లా పెట్టి, నిడుపాటి అల్యూమినియం పట్టీని నడిమధ్య ఆనించి, ముక్కు దగ్గర పట్టీకీ బోర్డుకూ మధ్య ఖాళీ స్కేలుతో చూడాలి. షార్ట్‌బోర్డ్‌కు అది 5 అంగుళాల దగ్గర్లో వచ్చింది. ఫిష్‌కు అంతకంటే బాగా తక్కువ. ఈ ఒక్క కొలతలోనే సగం కథ ఉంది.

రెండో సగం లీటర్లలో ఉంది. నీళ్లలో పూర్తిగా మునిగిన ప్రతి లీటరూ సుమారు కిలో నీటిని పక్కకు తోస్తుంది. అందుకే లీటర్లను ఒంటి బరువుతో భాగించి చూడాలి. బోర్డులెక్కిన ఇద్దరిలో ఒకరు 72 కిలోలు, ఇంకొకరు 58. అదే షార్ట్‌బోర్డ్ బరువాయనకు కిలోకు 0.39 లీటర్లు, తేలికాయనకు 0.48. ఫిష్ మీద బరువాయనకు వచ్చేది 0.46. అంటే తేలిక మనిషి షార్ట్‌బోర్డ్, బరువు మనిషి ఫిష్ తేలే లెక్కలో దాదాపు ఒకటే. "ఈ బోర్డు బాగుందన్నా" అని ఎవరన్నా చెప్తే ముందు ఆయన బరువు అడగాలి. నేర్చుకునేవాళ్లకు కిలోకు ఒక లీటరైనా ఉండాలి, ఇంకా ఎక్కువున్నా నష్టం లేదు.

పద్ధతి సాదాగానే పెట్టుకున్నాం. ఒక్కో బోర్డు మీద ఆరు అలలు. దొరికినవి ఆరు కాదు, ప్రయత్నించినవి ఆరు. అల దొరక్కపోవడం కూడా బోర్డు గురించి తెలిసే సంగతే. ఒకరోజు లాంగ్‌బోర్డ్‌తో మొదలుపెట్టి షార్ట్‌బోర్డ్‌తో ముగిస్తే మర్నాడు వరస తిరగేయాలి. లేకపోతే చేతులు పడిపోయాక ఎక్కిన బోర్డు మీదికి నింద పోతుంది. మొదటి రెండు పొద్దులూ ఈ తప్పు జరిగింది. ఆ రెండు రోజుల రాతలూ లెక్కలోకి తీసుకోలేదు. పోటు పాట్ల తేడా చెన్నై తీరంలో పెద్దదేమీ కాదు, పున్నమి అమావాస్యలకు కూడా మీటరు చుట్టూనే. కానీ ఇసుక దిబ్బ మీద అర మీటరు నీరు తగ్గినా అల స్వభావం మారిపోతుంది. గంటన్నరలో అన్ని బోర్డులూ అయిపోవాలి.

నీళ్లలో కూర్చున్నప్పుడు ఎక్కడున్నామో తెలియడానికి జాలర్ల పద్ధతే పనికొచ్చింది. ఒడ్డున ఒకదాని వెనక ఒకటున్న రెండు గుర్తులు ఒకే గీతలోకి వచ్చేలా చూసుకోవాలి. పక్కదిక్కున అట్లాంటిదే ఇంకో జత. రెండు గీతలూ కలిసే చోటే మన చోటు. మార్చి నుంచి అక్టోబరు దాకా తీరం వెంబడి నీరు ఉత్తరానికి లాగుతుంది, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి. గుర్తులు లేకపోతే పది నిమిషాల్లో కొట్టుకుపోయి, వేరే అలమీద ఎక్కి బోర్డును తిడతాం. గుర్తుగా పడవను మాత్రం పెట్టుకోకండి. మధ్యలో అది వేటకు పోతుంది.

అల ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర అంచనాల్లో ఎత్తుతో పాటు పీరియడ్ ఉంటుంది, అంటే ఒక అల శిఖరానికీ తర్వాతి దానికీ మధ్య సెకన్లు. అందులో ఎత్తు అన్నది కూడా ప్రతి అల ఎత్తు కాదు, అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. లోతు నీటిలో అల పొడవు మీటర్లలో కావాలంటే పీరియడ్‌ను దానితోనే గుణించి, వచ్చినదాన్ని 1.56తో గుణించాలి. 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు, 12 సెకన్లది 225. తన పొడవులో సగం లోతుకు వచ్చాక గాని అలకు నేల తగలదు. 6 సెకన్ల అలకు 28 మీటర్ల లోతుదాకా నేల ఉన్నట్టే తెలియదు. 12 సెకన్లది 112 మీటర్ల దగ్గరే నేలను పసిగట్టి, దాని ప్రకారం వంగుతూ వస్తుంది, అందుకే కొన చుట్టూ చక్కగా తిరుగుతుంది. రెండూ మీటరు ఎత్తే అయినా పెద్ద పీరియడ్ అల మోసుకొచ్చే శక్తి రెట్టింపు. అంచనాలో "1 మీటరు" అని చూసి షార్ట్‌బోర్డ్ ఎత్తుకుపోతే సగం రోజులు వట్టి చేతుల్తో రావాల్సిందే.

ఇంకో లెక్క చెప్పి అసలు సంగతికి వస్తాను. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోట విరుగుతుంది. మీటరు అల 1.3 మీటర్ల నీటిలో విరిగేటప్పుడు దాని వేగం గంటకు దాదాపు 13 కిలోమీటర్లు. మనిషి బోర్డు మీద పడుకుని గట్టిగా బారలు వేసినా అందులో సగం చుట్టూనే వస్తుంది. మిగతా సగం అల వాలు ఇవ్వాలి. పొడుగ్గా, వెడల్పుగా, వంపు తక్కువగా ఉన్న బోర్డు కొద్దిపాటి వాలుకే జారుతుంది. పొట్టి వంపు బోర్డుకు నిటారు వాలు కావాలి. అదొచ్చేది అల విరగబోయే ఆఖరి క్షణంలోనే.

మోకాలి నుంచి నడుము ఎత్తు, 7 లేదా 8 సెకన్లు. మనకు ఎక్కువగా దొరికే రోజులివే, అందుకే వీటి గురించే ఎక్కువ చెప్పాలి.

లాంగ్‌బోర్డ్ మీద మనం కూర్చునే చోటే వేరు. మిగతావాళ్లకంటే పది పదిహేను మీటర్లు లోపలికి, అల ఇంకా చిన్న గూనులా కనపడే చోట. ఆరేడు బారలు, గడ్డం బోర్డుకు దగ్గరగా, ముక్కు నీటిమీద రెండు మూడు అంగుళాలు మాత్రమే లేచి ఉండాలి. ముక్కు నాలుగైదు అంగుళాలు లేచిందంటే వెనక్కి పడుకున్నట్టు, తోక నీళ్లను దున్నుతుంది, అల కిందనుంచి వెళ్లిపోతుంది. నేర్చుకునేవాళ్లు ముక్కు మునుగుతుందేమోనన్న భయంతో వెనక్కి జరుగుతారు. చిన్న అలలో వాళ్లకు అల దొరక్కపోవడానికి నూటికి తొంభై పాళ్లు కారణం ఈ భయమే. బోర్డు కింద పట్టు దొరికిందన్నది చెవికి ముందు తెలుస్తుంది. బుడబుడ చప్పుడు ఆగి సన్నటి ఈల లాంటిది మొదలవుతుంది. అది విన్నాక ఇంకో రెండు బారలు వేసి లేవాలి.

లేచాక లాంగ్‌బోర్డ్ నడపడమంటే దాని మీద నడవడమే. అల నెమ్మదించి వాలు తగ్గితే ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేస్తూ ముందుకు, నిటారైతే వెనక్కి. కాళ్లు ఈడ్చుకుంటూ జరిగితే బోర్డు పక్కలకు ఊగి వేగం పోతుంది. ముక్కుదాకా నడిచి నిలబడగలగడానికి కారణం తోక దగ్గర ఉంది. అల నీరు తోక మీదుగా పారుతూ దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటుంది, ముక్కు అడుగున ఉన్న పల్లం నీటిని పట్టి పైకి మోస్తుంది. తోక అల వాలులోంచి బయటికొచ్చిన క్షణం మాత్రం ఆ పట్టు పోతుంది, మనిషి ముందుకు పడతాడు. మలుపు తిప్పాలంటే తోకదాకా వెనక్కి రావాలి. తిరుమల నుంచి దిగే ఘాట్‌లో మలుపు దగ్గర బస్సును చూడండి, ముందు వెడల్పుగా పోయి, ఆగినట్టయి, తర్వాత మొత్తం తిరుగుతుంది. అట్లాగే ఉంటుంది. తొందరపెడితే అంచు నీళ్లలో ఇరుక్కుంటుంది.

సాఫ్ట్‌టాప్‌కు లాంగ్‌బోర్డ్ కంటే లీటర్లు ఎక్కువ, అయినా అంత తొందరగా జారదు. మెత్తటి అడుగు కొద్దిగా వంగుతుంది, గుండ్రటి మందపాటి అంచులు నీళ్లను వదలవు. నురుగులో నేరుగా ఒడ్డుకు పోవడానికి దీన్ని మించింది లేదు. అల ముఖం మీద పక్కకు తిప్పితే మాత్రం అంచు పట్టదు, బోర్డు అడ్డంగా జారుతుంది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. తగిలినా తల పగలగొట్టని బోర్డుకు నేర్చుకునే చోట ఇవ్వాల్సిన గౌరవం వేరే.

మిడ్‌లెంగ్త్ ఈ అలల్లో లాంగ్‌బోర్డ్ కంటే మూడు నాలుగు మీటర్లు ఆలస్యంగా అందుకుంటుంది, అంతే. చెప్పడానికి ఎక్కువ లేకపోవడమే దాని గొప్ప.

ఫిష్ దగ్గర అందరం ఆశ్చర్యపోయాం. ఎక్కడం కష్టం. 72 కిలోల ఆయన ఒక ఉదయం ఆరింటిలో నాలుగు వదులుకున్నాడు. కానీ ఎక్కాక చిన్న అల చదునైపోయిన చోట్లు కూడా దాటేస్తుంది. లాంగ్‌బోర్డ్ అక్కడ తన బరువుతో సాగుతుంది, ఫిష్ తన వెడల్పుతో, దాదాపు చదునైన అడుగుతో నీటి పైపైన తేలిపోతుంది. కీల్ ఫిన్లు తక్కువ ఎత్తు, పొడుగు పునాది, అంచుకు దగ్గరగా ఉంటాయి. అందుకని తిన్నగా పోయేటప్పుడు నీటి అడ్డు తక్కువ. 1967 ప్రాంతంలో శాన్ డియాగోలో స్టీవ్ లిస్ దీన్ని మొదట మోకాళ్ల మీద నడిపే బోర్డుగా చేశాడు. చిన్న అలలో అది ఇంత చురుగ్గా ఉండడానికి ఆ పొట్టి, వెడల్పు దేహమే మూలం.

ఇక షార్ట్‌బోర్డ్. కూర్చుంటే నీళ్లు ఛాతీదాకా వస్తాయి. పడుకుని బారలు వేస్తే ముక్కు పైకి చూస్తుంది, వంపు వల్ల బోర్డు నీళ్లను తోస్తూ పోతుంది. బరువాయనకు ఆరింటిలో ఒకటి దొరికింది, అదీ ఒడ్డు దగ్గర విరిగిపోయే అల. తేలికాయనకు మూడు. దొరికినా వేగం తానై రాదు. అల ముఖం మీద పైకీ కిందికీ పంపులా తొక్కుతూ ఉండాలి. చదును రాగానే బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది. 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు తహీతీలోని తెహుపోలో జరిగాయి, లోతు సముద్రంలోంచి ఒక్కసారిగా పగడపు దిబ్బ మీదికి లేచి గొట్టంలా చుట్టుకునే అల. టీవీలో చూసిన ఆ సన్నటి బోర్డులు అట్లాంటి వాలు కోసం పుట్టినవి. మన నడుము ఎత్తు అలకు అదే బోర్డు తెచ్చుకోవడం ట్రాక్టరు దారిలో రేసు బైకు నడిపినట్టు.

ఛాతీ ఎత్తు, 12 సెకన్ల రోజుల్లో ఈ వరస తలకిందులైంది.

ముందు లోపలికి పోవడమే వేరే పని. షార్ట్‌బోర్డ్, ఫిష్ అయితే అల వచ్చే ముందు రెండు చేతులతో ముక్కును లోపలికి నొక్కి, మోకాలో పాదమో తోక మీద ఆనించి అల కిందనుంచి దూరిపోవచ్చు. డక్ డైవ్ అంటారు. 48 లీటర్ల బోర్డును అట్లా ముంచడం చాలామంది వల్ల కాదు, 71 లీటర్లది ఎవరివల్లా కాదు. దానికి టర్టిల్ రోల్: అంచులు గట్టిగా పట్టుకుని, బోర్డుతో సహా తిరగబడి, మనం కిందా అది పైనా ఉండి అలను పోనివ్వాలి. చేతులు నిటారుగా చాపితే అల బోర్డును లాక్కుంటుంది, మోచేతులు మడిచి ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. వెనక మనిషి లేడని చూసుకోకుండా బోర్డును వదిలేయడం మహాపాపం. 9 అడుగుల బోర్డు, దాన్ని కాలికి కట్టే 9 అడుగుల తాడు (లీష్) కలిసి వెనక ఆరు మీటర్లదాకా ఊడ్చేస్తాయి.

లాంగ్‌బోర్డ్ మీద ఇక్కడ వచ్చే చిక్కు ముక్కు మునగడం. అల అడుగుభాగం లోపలికి వంగి ఉంటుంది, 9 అడుగుల తిన్నని పలక ఆ వంపులో ఇమడదు. నేరుగా కిందికి దిగితే ముక్కు గుచ్చుకుని మనిషి ఎగిరి పడతాడు. రెండు మందులున్నాయి. ఒకటి, ఇంకా లోపలికి కూర్చుని అల నిటారు కాకముందే ఎక్కడం. రెండు, బారలు వేసేటప్పుడే బోర్డును కుడివైపు ముప్పై డిగ్రీలు తిప్పి పెట్టుకోవడం, లేవగానే లోపలి అంచు అలను పట్టేలా. రెండోది అలవాటయ్యాక లాంగ్‌బోర్డ్ ఈ అలమీద చాలా దూరం పోయింది. వేగంగా విరిగే ముక్క ముందు వస్తే మాత్రం దాన్ని తప్పించుకునే మలుపు దానికి లేదు.

ఫిష్, షార్ట్‌బోర్డ్ తేడా ఒకే సెట్‌లో, అంటే వెంటవెంటనే వచ్చే పెద్ద అలల గుంపులో, పక్కపక్కనే కనపడింది. సెట్‌లో రెండో అల ఫిష్‌కు, మూడోది షార్ట్‌బోర్డ్‌కు. రెండూ భుజం ఎత్తుకు కొంచెం తక్కువ. ఫిష్ మీదున్నవాడికి మూడు బారలకే అల అందింది. అరచేతులు ఛాతీ పక్కన, అంచులు పట్టుకోకుండా పలక మీద ఆనించి లేచాడు. దిగడం నున్నగా అయింది. అడుగున మలుపు తిప్పడానికి అలవాటుగా వెనక కాలు నొక్కాడు. తోక బయటికి జారింది. ముందు ఎడమ ఫిన్ పట్టు వదిలింది, బోర్డు ఒక్క క్షణం అడ్డంగా నిలిచి మళ్లీ పట్టుకుంది, ఆలోపు విరుపు అతన్ని దాటి పోయింది. వెడల్పు తోక ఎక్కువ నీటిమీద తేలుతుంది, అందుకే వేగం పెరిగేకొద్దీ అంచు మునగక పైకి లేస్తుంది. మధ్యలో ఆపే మూడో ఫిన్ లేదు. మూడో అల మీద షార్ట్‌బోర్డ్ ఆఖరి క్షణంలో ఎక్కింది, గుండె ఆగేంత ఆలస్యంగా. కానీ ముక్కు వంపు అల వంపులో సరిగ్గా ఇమిడింది. దాని మీదున్నవాడిదీ అదే వెనక కాలు, అదే నొక్కు. సన్న తోక మునిగింది, మూడు ఫిన్లు పట్టుకున్నాయి, బోర్డు కిందనుంచి నేరుగా పైకి ఎగబాకింది.

దీనికి చరిత్రలో ఒక జవాబుంది. 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు ఆస్ట్రేలియా సర్ఫర్ మార్క్ రిచర్డ్స్ రెండు ఫిన్ల బోర్డులతో గెలిచాడు. అదే ఆస్ట్రేలియాలో భారీ మనిషైన సైమన్ ఆండర్సన్‌కు పెద్ద అలల్లో ఆ బోర్డు జారిపోయేది. మధ్యలో మూడోది పెట్టి, మూడింటినీ దాదాపు ఒకే సైజు చేశాడు. 1981లో బెల్స్ బీచ్ పోటీని దానితో గెలిచాక లోకమంతా అటే తిరిగింది. ఫిష్‌ను ఈ అలలో నడపాలంటే వెనక కాలితో తోక నొక్కడం మానాలి. ఒంటి బరువంతా అంచు మీద, ముందు కాలి వైపు వేసి, పెద్ద వంపుగా తిప్పాలి. మూడో ఉదయానికి అది కుదిరింది. అయినా నిటారు అలలో షార్ట్‌బోర్డ్ ఇచ్చే నమ్మకం రాలేదు.

మిడ్‌లెంగ్త్ ఇక్కడా ఇబ్బంది పెట్టలేదు. ఒడ్డుకు దగ్గరగా దబ్బున కూలే అలల్లో అన్ని బోర్డులూ దండగే, బోర్డు విరగడమో మెడ పట్టుకోవడమో జరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో, వాయుగుండాల తర్వాత, తల ఎత్తు అలలు వస్తాయి. వాటిమీద పోలిక పెట్టుకోలేదు. ఆ రోజుల్లో నీటి లాగుడే పెద్ద పరీక్ష.

ఫిన్లు మార్చి చూసినప్పుడు బయటపడ్డ సంగతి ఒకటి. మిడ్‌లెంగ్త్‌లో పక్క ఫిన్లు తీసేసి మధ్యదాన్ని గాడిలో అంగుళం ముందుకు జరిపితే తిరగడం సులువైంది, వెనక్కి నెడితే తిన్నగా గట్టిగా పోయింది. అంగుళం తేడా అయిదు లీటర్ల తేడా అంత స్పష్టంగా తెలిసింది. పక్క ఫిన్ల స్క్రూలకు పట్టే అలెన్ కీ అంగుళంలో 32 భాగాలకు 3 వంతులు, అంటే 2.4 మిల్లీమీటర్ల లోపు. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 2.5 కీ దూరదు, 2 కీ దూరి లోపల తిరిగి మూలలు అరగదీస్తుంది. తర్వాత ఆ స్క్రూ బయటికి రాదు. అసలు కీని బండి తాళాల గుత్తికే కట్టుకోవడం మేలు.

కాళ్లు జారకుండా బోర్డు పైన రుద్దే వ్యాక్స్ వేడి నీటిదే కొనాలి, డబ్బా మీద ట్రాపికల్ అని ఉంటుంది. చల్లటి నీటి వ్యాక్స్ మన సముద్రంలో నెయ్యిలా కరుగుతుంది. ముందు గట్టి బేస్ వ్యాక్స్ చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్ది బొడిపెలు లేచాక, దాని మీద ట్రాపికల్‌ను మెల్లగా అద్దాలి. గట్టిగా నొక్కి రుద్దితే బొడిపెలు పోయి నున్నగా అయిపోతుంది.

తిరుపతి మనిషి ఒక్క బోర్డే కొంటే ఏది అంటే నా ఓటు మిడ్‌లెంగ్త్‌కే. బాగా నిలబడడం రాకముందు ఏదీ కొనొద్దు. కోవళంలో సాఫ్ట్‌టాప్ అద్దెకు దొరుకుతుంది, తమిళం రెండు ముక్కలు వచ్చిన చిత్తూరోళ్లకు నేర్పేవాళ్లతో మాటకు కరువుండదు. ఫిష్ రెండో బోర్డు. షార్ట్‌బోర్డ్ కొనే డబ్బుతో మే నుంచి సెప్టెంబరు లోపు ఇంకో నాలుగుసార్లు పోయి రావచ్చు.

కొన్నాక అసలు శత్రువు సముద్రం కాదు, మన ఎండ. కారు పైన వేసేటప్పుడు బోర్లా, ఫిన్లు పైకి, తోక ముందుకు, పెద్దది అడుగున. పట్టీలు చేత్తో లాగి బిగిస్తే చాలు, రాట్చెట్ వాడితే అంచులు నొక్కుకుపోతాయి. పట్టీని ఒక్కసారి మెలిపెడితే దారంతా వచ్చే గుయ్యిమనే మోత ఆగుతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో ఈపీఎస్ ఫోమ్ (థర్మాకోల్ లాంటిది) బోర్డు రెండు గంటలుంటే లోపలి గాలి వ్యాకోచించి పైపొర అప్పడంలా ఉబ్బుతుంది. ఒక బోర్డు అట్లా పోయింది, పార్కింగ్‌లో, భోజనానికి ఆగినంత సేపట్లో. లోపలి గాలి బయటికి పోయే స్క్రూ ఉన్న బోర్డయితే ప్రయాణంలో దాన్ని వదులు చేసి, నీళ్లలోకి దిగేముందు బిగించాలి.

పగులు పడితే మన ఊళ్లో ఫైబర్ ట్యాంకులు, తలుపులు చేసేవాళ్ల దగ్గర గ్లాస్ మ్యాటూ, పాలిస్టర్ రెజినూ దొరుకుతాయి. పాలియూరెథేన్ ఫోమ్ బోర్డుకు అది సరిపోతుంది. ఈపీఎస్ బోర్డుకు మాత్రం పాలిస్టర్ చుక్క కూడా తగలకూడదు, అందులోని స్టైరీన్ ఆ ఫోమ్‌ను ఐస్ ముక్కలా కరిగించి గుంట చేస్తుంది. దానికి ఎపాక్సీయే వాడాలి. ఏ బోర్డో తెలియకపోతే పగులులోంచి చిటికెడు ఫోమ్ తీసి నలిపి చూడండి: థర్మాకోల్ పూసల్లా విడిపోతే ఈపీఎస్, పొడి రాలితే పాలియూరెథేన్. ఏదైనా సరే, ముందు మంచినీళ్లతో కడిగి, పగులు కిందివైపు ఉండేలా నీడలో నిలబెట్టి, మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. పగులు దగ్గర కట్టిన టిష్యూ పేపరు పొద్దునకు పొడిగా ఉండేదాకా రెజిన్ డబ్బా మూత తీయొద్దు.